కుట్టు లైన్లో వేసవి: చల్లదనానికీ, పిల్లల గదికీ పెట్టే ఖర్చు ఏ పద్దులోది?

వేసవిగాలి

సభ్యులందరికీ నమస్కారం. శ్రీ సత్యసాయి జిల్లాలో చొక్కాలు కుట్టి ఎగుమతి చేసే ఒక మధ్యతరహా కర్మాగారంలో నేను ఉత్పత్తి ప్రణాళిక విభాగంలో పనిచేస్తున్నాను. మా కుట్టు లైన్లలో అత్యధికులు చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే ఆడవారు. వచ్చే వేసవిని దృష్టిలో పెట్టుకొని యాజమాన్యం ముందుకు మూడు ప్రతిపాదనలు వెళ్లాయి. ట్యూబులైట్లు తీసేసి ఎల్‌ఈడీ దీపాలు పెట్టి, రేకుల కప్పుకు తెల్లపూత వేయించడం ఒకటి. పేరుకు మాత్రమే ఉన్న పిల్లల గదిని ఆయాలతో, పాలతో, ఉయ్యాలలతో నిజంగా నడిపించడం రెండోది. వినికిడి లోపం ఉన్న యువతీయువకులను లైన్లలోకి తీసుకోవడం మూడోది. మొదటిది కరెంటు బిల్లు తగ్గించే పని అంటూ ఇంజనీరింగు విభాగానికి, మిగతా రెండూ సేవా కార్యక్రమాలంటూ హెచ్‌ఆర్‌కు అప్పగించారు. ఉత్పత్తి విభాగాన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

నా అభిప్రాయం ఏమిటంటే, ఈ మూడూ ఉత్పత్తి ఖర్చులే. లైను ఎలా నడుస్తుందో తెలియనివారి కోసం ఒక లెక్క చెబుతాను. లైనులో 50 మంది ఆపరేటర్లు, రోజుకు 480 నిమిషాల పని, ఒక చొక్కాకు కట్టిన ప్రామాణిక సమయం 20 నిమిషాలు అనుకుందాం. నూటికి నూరు శాతం సామర్థ్యంతో 1,200 చొక్కాలు రావాలి, 60 శాతంతో 720 వస్తాయి. కాలరు అతికే పని ఇద్దరే చేస్తున్నప్పుడు వారిలో ఒకరు రాకపోతే హాజరు పట్టీలో తగ్గేది 2 శాతమే. లైను చివర తగ్గేది మాత్రం అంతకు ఎన్నో రెట్లు, ఎందుకంటే ముందువారు కుట్టిన కట్టలన్నీ ఆ ఒక్క మిషను దగ్గర పేరుకుపోతాయి, తరువాతివారు చేతులు కట్టుకొని కూర్చోవలసి వస్తుంది. ఆ ఒక్క మనిషి ఆ రోజు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు ఎండలో ఉండవచ్చు, ఇంట్లో జ్వరంతో పడుకున్న పిల్లలో ఉండవచ్చు. కాబట్టి ఈ ఖర్చులను విడివిడి పద్దుల్లో రాస్తే అసలు లాభం ఏ పద్దులోనూ కనిపించదు. ఈ వాదనను యాజమాన్యం ముందు ఆధారాలతో నిలబెట్టడానికి మీ అనుభవాలు, తెలిసిన విషయాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సున్నపుతెలుపు

వేసవిగాలి గారూ, మీ మొదటి ప్రతిపాదనకు మీ పొరుగునే మంచి ఆధారం ఉంది. బెంగళూరు చుట్టుపక్కల దుస్తుల కర్మాగారాల్లో ట్యూబులైట్ల స్థానంలో ఎల్‌ఈడీలు పెట్టినప్పుడు ఏం జరిగిందో అచ్యుత అధ్వర్యు, నమ్రతా కాలా, అనంత్ న్యాషాధమ్ అనే ఆర్థికవేత్తలు లైనువారీగా, రోజువారీగా లెక్కలు తీసి పరిశీలించారు. పాత దీపాలు వెలుగుతో పాటు వేడినీ వెదజల్లుతాయి. కుట్టు మిషను మీద దీపం ఆపరేటరు తలకు ఎంత దగ్గరగా ఉంటుందో మీకు తెలుసు. ఎండ ముదిరిన రోజుల్లో సామర్థ్యం పడిపోవడం వారి లెక్కల్లో స్పష్టంగా కనిపించింది, ఎల్‌ఈడీలు పెట్టిన చోట ఆ రోజుల్లో ఉత్పాదకత మెరుగైంది. సగటున ఒక్కో కర్మాగారానికి కరెంటులో ఆదా అయినది సుమారు 2,880 డాలర్లయితే, ఉత్పత్తి రూపంలో కలిసివచ్చినది సుమారు 7,500 డాలర్లు. ఈ రెండో అంకెను కూడా కలుపుకుంటే పెట్టుబడి తిరిగి రావడానికి పట్టే కాలం మూడో వంతు కన్నా తక్కువకు దిగింది. అంటే కరెంటు బిల్లు ఒక్కటే చూసుకునే ఇంజనీరింగు విభాగం ఈ ప్రతిపాదన విలువలో చిన్న భాగాన్ని మాత్రమే చూడగలుగుతుంది. మీరు చెప్పిన పద్దు సమస్య సరిగ్గా ఇదే.

ఇక కప్పు సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023–2028 కాలానికి చల్లని కప్పుల విధానాన్ని ప్రకటించింది. రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల కప్పును ఎండను తిప్పికొట్టే పూతతోనో, పలకలతోనో కప్పాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాదులోనే. మీ జిల్లాకు ఆ విధానం వర్తించదు గానీ దాని వెనుక ఉన్న భౌతికశాస్త్రం మాత్రం ఎక్కడైనా ఒకటే. రేకుల కింద అటకలాంటి పొర ఏదీ లేనప్పుడు కప్పు తాపం నేరుగా తల మీద పడుతుంది. గాలి ఉష్ణోగ్రత ఎంతో కొలిచి ఊరుకుంటే ఈ తాపం లెక్కలోకి రాదు.

పనిలో పనిగా రెండు జాగ్రత్తలు చెబుతాను. తెల్లపూత మీద దుమ్ము పేరుకుంటే దాని గుణం తగ్గుతుంది కాబట్టి ఏటా వేసవికి ముందు కడిగించే ఖర్చును ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఇస్త్రీ విభాగానికి వెళ్లే ఆవిరి గొట్టాలకు వేడి బయటికి రాకుండా చుట్టే తొడుగు ఊడిపోయి ఉంటే ముందు అది సరిచేయించండి. కప్పు చల్లబడినా కింద గొట్టాలు వేడిని చిమ్ముతుంటే ఫలితం సగమే. మీ కర్మాగారంలో అన్నిటికన్నా వేడిగా ఉండే చోటు అదే అయి ఉంటుంది.

దారపుకండె

నేను కుట్టు ఆపరేటరుగా మొదలుపెట్టి ఇప్పుడు లైను సూపర్‌వైజరుగా ఉన్నాను. పైన చెప్పిన లెక్కలు లైను మీద ఎలా కనిపిస్తాయో చెప్పడం అవసరమనిపించింది.

మధ్యాహ్న భోజనం తరువాత రెండు గంటలు దాటితే చేతులకు చెమట పడుతుంది. లేత రంగు గుడ్డ కుడుతున్నప్పుడు ఆ చెమట మరక అవుతుందన్న భయంతో ఆపరేటరు ప్రతి ముక్కకూ ఒకసారి చేతులు తుడుచుకుంటుంది. ఆ తుడుచుకోవడం ప్రామాణిక సమయంలో లేదు. మరక పడిన ముక్క శుభ్రం చేసే టేబులుకు వెళుతుంది, అక్కడ స్ప్రే కొట్టి, ఆరబెట్టి, మళ్లీ తనిఖీకి పంపాలి. కుట్టు వంకర పోయి ఆల్టర్‌కు, అంటే విప్పి మళ్లీ కుట్టడానికి వచ్చే ముక్కలు కూడా మధ్యాహ్నమే ఎక్కువ. గంటకొకసారి బోర్డు మీద రాసే ఉత్పత్తి అంకెల పక్కన ఆల్టర్ అంకెలను కూడా గంటలవారీగా రాసి చూడండి, ఎండ ఏ గంటకు లైనులోకి వచ్చిందో ఆ బోర్డే చెబుతుంది.

నీళ్ల విషయం దీనికన్నా ముఖ్యం. 250 మందికి పైగా పనిచేసే చోట వేసవిలో చల్లని తాగునీరు ఇవ్వాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. నీళ్లు చాలా చోట్ల ఉంటాయి కూడా. కానీ పొద్దున నింపుకున్న సీసా సాయంత్రం సగం నిండుగానే ఇంటికి తిరిగి వెళ్లడం నేను రోజూ చూస్తాను. నీళ్లు తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి, వెళ్లాలంటే టోకెను తీసుకోవాలి, టోకెను ఇంకొకరి దగ్గర ఉంటే ఆమె వచ్చేదాకా ఆగాలి, తిరిగి వచ్చేసరికి మిషను ముందు కట్టలు పేరుకుని ఉంటాయి. అందుకని తాగడమే మానేస్తారు. తరువాత తలనొప్పి, మూత్రంలో మంట, జ్వరం, రెండు మూడు రోజుల సెలవు. కాలరు అతికే మనిషి రాని రోజు వెనుక చాలాసార్లు ఉండేది ఈ వరసే. చల్లని నీటి యంత్రం కొనడం కన్నా ముందు టోకెను తీసేయడం, లైనుకు ఒక అదనపు ఆపరేటరును ఉంచి ఎవరు లేచినా ఆమె ఆ మిషను మీద కూర్చునేలా చూడడం అవసరం. దీనికి కొత్త యంత్రమేదీ అక్కరలేదు, ఒక జీతం అదనంగా పడుతుంది. దాన్ని మోయడానికే ఎవరూ ముందుకు రారు.

సున్నపుతెలుపు

దారపుకండె గారు చెప్పినదానికి బలం చేకూర్చే సంగతి ఒకటి గుర్తుకు వచ్చింది. భారతదేశంలోని కర్మాగారాల మీద వేడి ప్రభావాన్ని అంచనా కట్టిన మరొక పరిశోధన 2021లో వెలువడింది. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే కర్మాగారం వార్షికోత్పత్తి సుమారు 2 శాతం తగ్గుతుందని అందులో తేలింది. అంతకన్నా ఆలోచింపజేసేది మరొకటి ఉంది. పనిచేసే చోటును చల్లబరిస్తే అక్కడ ఉత్పాదకత పడిపోవడం ఆగింది గానీ, వేడి వల్ల వచ్చే గైర్హాజరు ఆగలేదు. కారణం సులభంగానే అర్థమవుతుంది. మనిషి రోజులో ఎక్కువ భాగం గడిపేది కర్మాగారంలో కాదు. రాత్రి రేకుల ఇంట్లో నిద్ర పట్టని మనిషి, కిక్కిరిసిన బస్సులో గంటసేపు నిలబడి వచ్చిన మనిషి లైను చల్లగా ఉందన్న కారణంతో వచ్చి కూర్చోలేరు. కాబట్టి మీ మొదటి ప్రతిపాదన ఒక్కటే చేసి ఆగిపోతే ఫలితం సగంలోనే ఆగుతుందని యాజమాన్యానికి ముందే చెప్పండి.

గోరింట

నేను కార్మిక చట్టాల అమలుకు సంబంధించిన సలహాలు ఇచ్చే పనిలో ఉన్నాను. పిల్లల గది గురించి రాస్తాను.

ఫ్యాక్టరీల చట్టం ప్రకారం 30 మంది కన్నా ఎక్కువ ఆడవారు పనిచేసే కర్మాగారంలో ఆరేళ్ల లోపు పిల్లల కోసం గది ఉండాల్సి ఉండేది. ఉద్దేశం మంచిదే, కానీ ఆడవారి సంఖ్యకు ముడిపెట్టడం వల్ల ఒక చిక్కు వచ్చింది. ముప్పై ఒకటో ఆడమనిషిని తీసుకుంటే గది కట్టాలి, తీసుకోకపోతే అక్కరలేదు. చిన్న యజమానులు ఏం ఎంచుకున్నారో వేరే చెప్పనక్కరలేదు. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ ఈ కొలమానాన్ని మార్చింది. ఆడైనా మగైనా మొత్తం 50 మంది ఉద్యోగులుంటే పిల్లల గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. ఫ్యాక్టరీల చట్టంతో సహా పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్లలో సామాజిక భద్రత కోడ్ కూడా ఇదే 50 సంఖ్యను నిలుపుకుంది. ఆడవారిని తక్కువగా పెట్టుకుంటే ఖర్చు తప్పుతుందనే లెక్కకు ఇప్పుడు చట్టంలో చోటు లేదు. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో గత పదేళ్లలో వచ్చిన సవరణల్లో చాలా విలువైనది.

యజమానులు తరచుగా చెప్పే రెండో మాట ప్రసూతి సెలవు భారం. 26 వారాల వేతనం ఇవ్వాలి కదా, ఆడవారిని తీసుకుంటే నష్టం కదా అంటారు. నెల వేతనం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) పరిధిలో ఉన్నవారికి ఆ 26 వారాల చెల్లింపు ఈఎస్ఐ సంస్థ నుంచి వస్తుంది, యజమాని జేబులోంచి కాదు. అందుకోసం కార్మికురాలికి నిర్ణీత కాలంలో కనీసం 70 రోజుల చందా జమై ఉండాలి. 2019 జులై నుంచి చందా యజమాని వైపు 3.25 శాతం, కార్మికుల వైపు 0.75 శాతం. మగవారికీ ఆడవారికీ ఈ చందా ఒకటే. కాబట్టి కుట్టు లైన్లలో ఆడవారిని తీసుకోవడం వల్ల ప్రసూతి వేతనం కింద యజమానికి అదనంగా పడేది ఏమీ లేదు. అసలు నష్టం ఎక్కడంటే, మూడేళ్లు నేర్చుకున్న ఆపరేటరు కాన్పు తరువాత బిడ్డను చూసుకునేవారు లేక తిరిగి రాకపోవడంలో. కొత్త మనిషి ఆ వేగం అందుకునేదాకా లైను మోసే లోటును మీ ప్రణాళిక విభాగం నిమిషాల్లో లెక్కకట్టగలదు. దాన్ని రూపాయల్లోకి మార్చి, ఆయాల జీతం పక్కన పెట్టి చూపండి.

పెన్నాతీరం

పద్దుల గురించి అడిగారు కాబట్టి ఖాతాలు చూసేవాడిగా చెబుతాను. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద, నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. చాలామంది యజమానులు పిల్లల గదిని, కార్మికుల వైద్య శిబిరాలను ఈ పద్దులో రాయాలని చూస్తారు. నిబంధనలు దానికి ఒప్పుకోవు. సొంత ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే పనులు ఆ లెక్కలోకి రావు. మీ కర్మాగారంలో హెచ్‌ఆర్ విభాగం వీటిని సేవగా పిలుస్తున్నంత మాత్రాన ఖాతాల్లో అవి సేవ కాలేవు, వ్యాపార ఖర్చుగానే ఉంటాయి. వేసవిగాలి గారు తర్కంతో చెప్పినదాన్ని చట్టం ఎప్పుడో చెప్పేసింది.

పెద్ద కంపెనీల విషయంలో స్టాక్ మార్కెట్లను నియంత్రించే సెబీ ఇంకొక అడుగు ముందుకు వేసింది. మార్కెట్ విలువ ప్రకారం స్టాక్ ఎక్స్ఛేంజీల్లోని మొదటి 1,000 నమోదిత కంపెనీలు 2022–23 నుంచి వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదికను తప్పనిసరిగా ఇవ్వాలి. అందులో కరెంటు, నీరు, వ్యర్థాల లెక్కలు ఉంటాయి, అదే నివేదికలో దివ్యాంగ ఉద్యోగులు ఎందరు, ఆడవారు ఎందరు, ఏడాదిలో మానేసినవారి శాతం ఎంత, ప్రసూతి సెలవు తరువాత తిరిగి చేరినవారు ఎందరు, చేరి నిలిచినవారు ఎందరు అన్న ప్రశ్నలూ ఉంటాయి. పర్యావరణాన్నీ కార్మికులనూ ఒకే కాగితం మీద చూపమని అడగడం నాకు చాలా నచ్చిన విషయం. మీ సంస్థ నమోదిత కంపెనీ కాకపోయినా మీ సరుకు కొనే సంస్థ అటువంటిదైతే ఆ ప్రశ్నలు రేపో మాపో మీ దాకా వస్తాయి. కాన్పు తరువాత తిరిగి వచ్చినవారి లెక్కను ఇప్పటి నుంచే రాసి పెట్టుకోవడం మంచిది.

కంచరపాలెం

అందరి మాటలూ శ్రద్ధగా చదివాను. విశాఖ ప్రాంతంలో కార్మికుల మధ్య పనిచేసేవాడిగా నాకు ఈ చర్చ నడుస్తున్న దారి మీద బలమైన అభ్యంతరం ఉంది. చల్లని గాలి, నీరు, మరుగుదొడ్డి, పిల్లల గది ఉత్పాదకత పెంచుతాయి కాబట్టి ఇవ్వాలని మనం వాదిస్తే, పెంచవని రేపు ఎవరైనా లెక్క చూపిన రోజున వాటిని తీసేయడానికి మనమే దారి వేసినవాళ్లమవుతాం. 2022 జూన్, ఆగస్టు నెలల్లో అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక దుస్తుల కర్మాగారంలో రెండుసార్లు విషవాయువు పీల్చి ఆడవారు సొమ్మసిల్లి పడిపోయారు, రెండు ఘటనల్లోనూ వందకు పైగా మంది ఆసుపత్రి పాలయ్యారు. ఊపిరి పీల్చుకోదగిన గాలి ఇవ్వడానికి ఎన్ని చొక్కాల లాభం చూపాలి? 2015 మే వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోతే వారిలో అత్యధికులు మన రెండు రాష్ట్రాలవారే. ఎండ మనకు ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఇంకొక మాట. ఎల్‌ఈడీల మీద పరిశోధన చేసినవారే బెంగళూరు కర్మాగారాల్లో ఆడవారికి మాట్లాడే నేర్పు, సమయపాలన, సమస్యలు పరిష్కరించుకునే తీరు వంటివి నేర్పే శిక్షణను కూడా పరిశీలించారు. శిక్షణ ముగిసిన ఎనిమిది నెలలకు సంస్థ పెట్టిన ఖర్చు మీద రెండు రెట్లకు మించిన రాబడి వచ్చింది. వేతనాలు పెరిగింది మాత్రం అర శాతం. ఉత్పాదకత పెరిగినంత మాత్రాన కార్మికురాలి చేతికి ఏమీ రాదని దీన్నిబట్టి తెలుస్తోంది. చల్లని కప్పు వేసి 720 చొక్కాలను 760 చేసుకుని, మరుసటి నెల టార్గెట్‌ను 760గా బోర్డు మీద రాస్తే, ఆ చల్లదనం ఎవరికి దక్కినట్టు? వేసవిగాలి గారు తమ ప్రతిపాదనలో దీనికి జవాబు రాయాలని నా కోరిక.

పెన్నాతీరం

కంచరపాలెం గారి అభ్యంతరంలో మొదటి భాగాన్ని పూర్తిగా అంగీకరిస్తాను. చట్టం తప్పనిసరి చేసిన గాలి, నీరు, మరుగుదొడ్డి లాభనష్టాల బేరానికి వచ్చేవి కావు, ప్రతిపాదనలో వాటిని విడిగా, బాకీపడిన బాధ్యతగా రాయాలి. అయితే చట్టం అడిగిన కనీసానికి పైన చేసే పనులకు యాజమాన్యాన్ని ఒప్పించాల్సినప్పుడు ఉత్పత్తి లెక్క లేకుండా వెళితే ఆ ఫైలు తిరిగి వస్తుంది. కాబట్టి రెండు రకాల ఖర్చులనూ రెండు రకాల భాషలో చెప్పడమే ఇక్కడ సరైనదని నాకు తోస్తోంది.

తిరుప్పూరువాసి

బనియన్ల ఊరు నుంచి రెండు సంగతులు. 2011 జనవరిలో నొయ్యల్ నదిలోకి రంగునీరు వదులుతున్న అద్దకం యూనిట్లను మూసివేయమని మద్రాసు హైకోర్టు ఆదేశించింది. వ్యర్థజలాన్ని ఒక్క చుక్క కూడా బయటికి వదలకుండా శుద్ధి చేసుకోవాలన్న నిబంధనను ఏళ్ల తరబడి వాయిదా వేసినందుకు వచ్చిన ఫలితం అది. యజమానుల్లో కొందరు వేరే ఊళ్లకు తరలిపోయారు, కొందరు శుద్ధి యంత్రాలు పెట్టుకుని తిరిగి తెరిచారు. మధ్యలో పని పోగొట్టుకున్నది అద్దకం కూలీలు, వారిలో ఎక్కువమంది వలస వచ్చినవారు. పర్యావరణం మీద చేయని ఖర్చు చివరికి కూలీల మీదే పడుతుందని ఇక్కడ చూశాం.

రెండోది కూర్చునే హక్కు. కేరళలో కోళికోడ్‌కు చెందిన పి. విజి నాయకత్వంలో దుకాణాల్లో పనిచేసే ఆడవారు ఏళ్లపాటు పోరాడగా 2018లో అక్కడి చట్టం మారింది. 2021లో తమిళనాడు కూడా దుకాణాలు, సంస్థల చట్టంలో 22-ఎ సెక్షన్ చేర్చి సిబ్బందికి కుర్చీలు తప్పనిసరి చేసింది. కర్మాగారాల్లో నిలబడి పనిచేసేవారికి అవకాశం దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ ఎప్పటి నుంచో చెబుతూ వచ్చింది. తనిఖీ, ఇస్త్రీ, ప్యాకింగ్ విభాగాల్లో ఎన్ని ఎత్తు పీటలు ఉన్నాయో వేసవిగాలి గారు ఒకసారి లెక్కపెట్టి చూడాలి.

మౌనవాక్కు

నేను బధిర విద్యార్థులకు వృత్తి శిక్షణ ఇచ్చే ఉపాధ్యాయురాలిని. మూడో ప్రతిపాదన మీద ఎవరూ రాయలేదు కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, ప్రతి సంస్థకూ సమాన అవకాశాల విధానం ఒకటి రాసి ఉండాలంది. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం కేటాయింపు ఉంది, ప్రైవేటు సంస్థల్లో కేటాయింపు లేదు గానీ కనీసం 5 శాతం మందిని తీసుకునేలా ప్రోత్సాహకాలు ఇవ్వాలని ప్రభుత్వాలకు సూచించింది. ఈఎస్ఐ వేతన పరిమితి కూడా దివ్యాంగులకు 25,000 రూపాయలు. హోటళ్ల రంగంలో లెమన్ ట్రీ సంస్థ 2007 నుంచే వినికిడి లోపం ఉన్నవారిని తీసుకుంటోంది, వారితో కలిసి పనిచేసే మిగతా సిబ్బందికి సంజ్ఞాభాష నేర్పిస్తోంది. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఈ రెండో సగం గురించే. మా పిల్లలకు కుట్టు నేర్పించడం కష్టం కాదు. నమూనా ముక్క చేతికిచ్చి ఒకసారి చేసి చూపితే పట్టుకుంటారు. కష్టమంతా సూపర్‌వైజరు వెనుక నుంచి కేకవేసి, పలకలేదని కోప్పడినప్పుడు మొదలవుతుంది.

మీరు తీసుకోదలిస్తే కొన్ని పనులు ముందుగా చేయండి. అగ్నిప్రమాద హెచ్చరికకు సైరనుతో పాటు మెరిసే దీపాలు పెట్టించండి, మరుగుదొడ్ల లోపల కూడా. ఎదురుగా వచ్చి, ముఖం కనిపించేలా నిలబడి, చేతితో సైగ చేశాకే మాట్లాడాలని సూపర్‌వైజర్లకు నేర్పండి. టార్గెట్ మార్పులు, ఓవర్‌టైమ్, సెలవులు నోటితో ప్రకటించి వదిలేయకుండా బోర్డు మీద రాయించండి. ఒంటరిగా ఒకరిని ఒక లైనులో కూర్చోబెట్టకుండా ఇద్దరు ముగ్గురిని దగ్గరగా ఉంచండి, అయితే అందరినీ ఒకే మూలకు నెట్టి వేరే లైను చేయకండి. బోర్డు మీద స్పష్టంగా రాయడం మొదలుపెడితే చదువు తక్కువైన కన్నడ, ఒడియా కార్మికులకు కూడా బొమ్మలు, రంగుల గుర్తులు కావాలని మీకు తెలుస్తుంది. అవి పెట్టాక లైను మొత్తానికి గందరగోళం తగ్గుతుంది.

గోరింట

మౌనవాక్కు గారి మాటకు అనుబంధంగా ఒక ఉదాహరణ. 2017లో కొచ్చి మెట్రో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను ఉద్యోగాల్లోకి తీసుకున్నప్పుడు దేశమంతా మెచ్చుకుంది. వారాలు తిరగకముందే వారిలో కొందరు మానేశారు. ఉద్యోగం బాగానే ఉంది, ఊళ్లో వారికి అద్దెకు ఇల్లు ఇచ్చేవారు లేరు. లాడ్జీల అద్దెకే జీతం చాలలేదు. బస్సు, వసతి, బిడ్డను చూసుకునే చోటు, ఈ మూడూ కర్మాగారం గేటు బయటివే అయినా హాజరు పట్టీని నిర్ణయించేవి అవే. బయటి ఊళ్ల నుంచి బధిర యువతులను తీసుకువస్తే వసతి గృహం ఎక్కడన్నది నియామక పత్రం ఇచ్చేముందే తేల్చుకోండి.

వేసవిగాలి

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఈ చర్చ ఆధారంగా ప్రతిపాదనను తిరగరాశాను. చట్టప్రకారం బాకీ ఉన్నవాటిని, అంటే మరుగుదొడ్ల టోకెను ఎత్తివేయడం, చల్లని నీరు, నిలబడి పనిచేసేవారికి పీటలు, పిల్లల గదిని, వాటితో పాటు మెరిసే హెచ్చరిక దీపాలను కూడా, లాభనష్టాల ప్రస్తావన లేకుండా మొదటి పేజీలో పెట్టాను. ఎల్‌ఈడీలు, కప్పు పూత, ఆవిరి గొట్టాల తొడుగు, లైనుకొక అదనపు ఆపరేటరు రెండో పేజీలో ఉత్పత్తి లెక్కలతో వస్తాయి. అదనపు ఆపరేటరు ఖర్చే నిజానికి అన్నిటికన్నా ఎక్కువ, దాన్ని కాపాడుకోవడానికే నేను ఎక్కువగా వాదించవలసి ఉంటుంది. పడమటి గోడ పక్కనున్న లైన్లలో ముందుగా మార్పులు చేసి, మిగతావాటిని ఒక వేసవిపాటు అలాగే ఉంచి పోల్చాలని అనుకుంటున్నాను. చట్టం అడిగినవి మాత్రం అన్ని లైన్లకూ ఒకేసారి వస్తాయి.

కంచరపాలెం గారి ప్రశ్నకు జవాబుగా ఒక షరతు రాశాను. ఈ మార్పుల వల్ల పెరిగిన ఉత్పత్తిని ఏడాదిపాటు టార్గెట్‌లోకి కలపకూడదు, పెరిగిన ప్రతి ముక్క మీదా ప్రోత్సాహకం ఇవ్వాలి. అది నిలుస్తుందో లేదో యాజమాన్యం చేతిలో ఉంది.

దారపుకండె

ఉష్ణమాపకాన్ని గోడకు కాకుండా మిషను దగ్గర, సూది ఎత్తులో పెట్టించండి. గోడ దగ్గర ఫ్యాను గాలి తగిలి తక్కువ చూపిస్తుంది. కొలతలు మార్పులు చేశాక కాకుండా ఫిబ్రవరి నుంచే మొదలుపెట్టండి, లేకపోతే పోల్చడానికి పాత అంకెలు ఉండవు.

కంచరపాలెం

షరతు రాసినందుకు సంతోషం. దాన్ని నిలబెట్టడానికి ఒక మార్గం ఉంది. 20 మంది గానీ అంతకు మించి గానీ కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార సంఘం ఉండాలని, అందులో ఆడవారి వాటా మొత్తం కార్మికుల్లో వారి వాటాకు తగ్గకూడదని 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ చెబుతోంది. మీ లైన్లలో ఆ లెక్కన సంఘంలో ఎక్కువమంది ఆడవారే ఉండాలి. టార్గెట్ మార్చేముందు ఆ సంఘానికి చూపాలన్న వాక్యాన్ని మీ షరతు కిందే చేర్చండి. బెంగళూరు కర్మాగారాల్లోనే ఒకసారి వేతన పెంపు ఆశించినంత రాక నిరాశపడిన కార్మికుల్లో కొందరిని పేరు చెప్పనక్కరలేని ప్రశ్నావళితో అభిప్రాయం అడిగారు. అలా అడిగినవారిలో మానేయడం, గైర్హాజరు రెండూ తగ్గాయి. మీరు కూడా వేసవి మధ్యలో ఒకసారి అలా అడగండి, వచ్చిన జవాబులను సంఘం ముందు పెట్టండి. ప్రోత్సాహకం లెక్క ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో తెలుగులోనూ కన్నడంలోనూ రాసి లైను బోర్డు పక్కనే అతికించాలి, హెచ్‌ఆర్ గది గోడ మీద కాదు.